వెయ్యికి పది: ఒక ఉద్దానం ఊరి చావుపుట్టుకల లెక్క

మండల సర్వసభ్య సమావేశంలో ఆరోగ్యం అంశం ఎప్పుడూ చివర్లోనే వస్తుంది. అప్పటికి సగం మంది భోజనాలకు లేచిపోతారు. ఆ రోజు మాత్రం ఒక సర్పంచ్ తన వంతు రాకుండానే లేచి నిలబడి కాగితం చూపించాడు. "డాక్టరమ్మా, మా ఊర్లో వెయ్యికి పది మంది పోతన్నారని ఇందులో ఉంది. రాష్ట్రంలో ఆరేనట. మా ఊరికేటయిందో మీరే సెప్పాల" అన్నాడు. ఆయన పక్కనే కూర్చున్న కొండ పంచాయతీ సర్పంచ్ కాగితంలో ఏడాది లోపు పిల్లల చావులు సున్నా. అది చూసి అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. నాకు మాత్రం మొదటి కాగితం కంటే ఆ సున్నా మీదే ఎక్కువ అనుమానం కలిగింది.

మాది శ్రీకాకుళం జిల్లా. మండలానికి తూర్పున సముద్రం, పడమర మహేంద్రగిరి వైపు కొండలు, నడుమ కొబ్బరి, జీడి తోటల ఉద్దానం. ఇక్కడి పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. ఆ సమావేశం తర్వాత ఏడు నెలల పాటు రెండు పంచాయతీల లెక్క మళ్లీ కట్టాం. నేను, మా సీనియర్ ఏఎన్ఎం, ఇద్దరు ఆశా కార్యకర్తలు, ఒక పంచాయతీ కార్యదర్శి. ఇది ఆ పని గురించిన రాత. ఊర్లనూ మనుషులనూ ఎవరూ గుర్తుపట్టకూడదని స్థానిక అంకెలను కొద్దిగా అటూ ఇటూ మార్చాను, లెక్క చేసిన తీరు మార్చలేదు. దేశానికి, రాష్ట్రానికి ఇచ్చిన అంకెలు మాత్రం ప్రభుత్వం ప్రకటించినవే.

ముందు తోటల ఊరు. కాగితంలో పైన 34, కింద 3,400. పైనున్నది ఆ ఏడాది పంచాయతీ రిజిస్టర్‌లో రాసిన చావులు. కిందున్నది గ్రామ సచివాలయం దగ్గర ఉన్న కుటుంబాల జాబితా. రెండింట్లో దేనిలోనూ దొంగలెక్క లేదు. కానీ రెండూ ఒకే జనం గురించి చెప్పడం లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. దాని ప్రకారం పుట్టుకైనా చావైనా ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి, 21 రోజుల్లోపు చెప్పాలి. కాబట్టి మా ఊరి మనిషి విశాఖపట్నం ఆసుపత్రిలో కన్నుమూస్తే ఆ చావు విశాఖ లెక్కలోకి వెళ్తుంది. ఒడిశా నుంచి కూతురింటికి వచ్చి ఇక్కడ ప్రాణం విడిచిన పెద్దాయన మా ఊరి లెక్కలోకి వస్తాడు. కాన్పుల సంగతి చెప్పనే అక్కర్లేదు. తొలి కాన్పుకి పిల్ల పుట్టింటికి వస్తుంది, పురుడు టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో పోసుకుంటుంది, మూడో నెలలో బిడ్డనెత్తుకుని అత్తవారింటికి వెళ్లిపోతుంది. ఆ బిడ్డ ఏ ఊరి పుట్టుక? సర్టిఫికెట్ ఇవ్వడానికి జరిగిన చోట రాయడమే సరైన పద్ధతి. ఒక ఊరి ఆరోగ్యాన్ని కొలవడానికి మాత్రం అది చాలదు.

అందుకే దేశపు జనన మరణ రేట్లను ఈ రిజిస్టర్ల నుంచి తీయరు. 1969-70 నుంచి శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ నడుస్తోంది, అందరూ ఎస్ఆర్ఎస్ అంటారు. ఎంపిక చేసిన ఊర్లలో, వార్డుల్లో ఒక మనిషి ఏడాది పొడుగునా చావుపుట్టుకలు రాస్తూ ఉంటాడు. ఆరు నెలలకోసారి ఇంకొకరు వచ్చి ఆ రాతతో సంబంధం లేకుండా ఇంటింటికీ తిరిగి రాస్తారు. రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి, కలవని పేర్ల కోసం మళ్లీ ఆ ఇళ్లకు వెళ్తారు. అక్కడ మామూలుగా నివసించే మనిషి ఎక్కడ పోయినా ఆ ఊరి లెక్కలోకే వస్తాడు. సర్పంచ్ కాగితంలోని రాష్ట్రం అంకె, వెయ్యికి 6.3, 2020 ఎస్ఆర్ఎస్‌ది. ఒక పద్ధతిలో తీసిన రేటును వేరే పద్ధతిలో తీసిన రేటు పక్కన పెట్టి ఊరంతా భయపడింది.

కాబట్టి మేమూ ఎస్ఆర్ఎస్ దారినే పట్టాం. ముందు కింది అంకె. సచివాలయం జాబితాలో హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా ఉన్నవాడూ ఉన్నాడు, చెన్నైలో కూలికి వెళ్లిన కుటుంబమూ ఉంది, గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద ఏడాదిలో ఎక్కువ నెలలు గడిపే కుర్రాళ్లూ ఉన్నారు. రేషన్ కార్డు ఇక్కడుంది, మనిషి అక్కడున్నాడు. జనగణన అంకె చూద్దామంటే చివరిది 2011 నాటిది. 2021లో జరగాల్సింది జరగలేదు, కొత్త జనగణనకు పెట్టిన తేదీ 2027 మార్చి 1. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ఒకటే ప్రశ్న అడిగారు: "ఏడాదిలో ఆరు నెలలకు మించి ఈ పొయ్యి మీద వండింది తినేదెవరు?" ఈ ప్రశ్నకు ఎవరూ తడబడలేదు. 2,900 మంది తేలారు.

తర్వాత పై అంకె. ఒక్క ఏడాది చూస్తే చాలదు. చిన్న ఊర్లో ఒక వేసవి ఎండలు ముదిరినా, ఒక రోడ్డు ప్రమాదం జరిగినా రేటు ఎగిరిపోతుంది. అందుకని మూడేళ్లు తీసుకున్నాం. రిజిస్టర్‌లో ఉన్నవాళ్లలో పైఊరి నుంచి వచ్చి పోయినవాళ్లను పక్కన పెట్టాం. బయట ఆసుపత్రుల్లో పోయినవాళ్లను వెతికి చేర్చాం. ఈ వెతుకులాటలో మాకు ఎక్కువగా అక్కరకొచ్చింది పింఛన్ల జాబితా. ప్రతి నెలా ఒకటో తారీఖున ఇంటికి వెళ్లి డబ్బు చేతిలో పెడతారు కాబట్టి ముసలివాళ్లు, వితంతువులు, డయాలసిస్ రోగులు బతికున్నదీ లేనిదీ నెలకోసారి తెలిసిపోతుంది. పేరు తీసేస్తే ఎందుకు తీశారో అక్కడే ఉంటుంది. అరవై దాటినవాళ్ల చావులు తెలుసుకోవడానికి దానికంటే మంచి కాగితం ఊర్లో ఇంకోటి లేదు. ఇలాంటి పని చేయాలనుకునేవాళ్లు ముందు దాన్నే అడగండి.

మూడేళ్లకు 112 చావులు తేలాయి. అంటే ఏడాదికి వెయ్యికి పదమూడుకి కాస్త తక్కువ. సరిదిద్దితే రేటు తగ్గుతుందని నేను నమ్మాను, సర్పంచ్‌కి కూడా అలాగే ధైర్యం చెప్పాను. పెరిగింది. రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా మళ్లీ మళ్లీ కూడుకున్నాను. చాలా టెన్షన్ పడ్డాను.

కూడిక సరిగ్గానే ఉంది. నేను వేసుకున్న ప్రశ్న సరైంది కాదు. ఎంతమంది పోయారు అనేదానికంటే ముందు ఏ వయసువాళ్లు పోయారు, ఆ వయసువాళ్లు ఊర్లో అసలు ఎంతమంది ఉన్నారు అని అడగాలి. కేరళ, బిహార్ చూడండి. 2020 ఎస్ఆర్ఎస్ ప్రకారం మరణాల రేటు కేరళలో వెయ్యికి 7.0, బిహార్‌లో 5.4. కేరళలో జనం తొందరగా చనిపోతున్నారని దీనికి అర్థమా? అదే ఏడాది శిశు మరణాలు, అంటే ఏడాది లోపు పిల్లల చావులు, కేరళలో వెయ్యి పుట్టుకలకు 6. దేశం మొత్తానికి 28. కేరళలో మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు కాబట్టి ముసలివాళ్లు ఎక్కువ, కాబట్టి చావులూ ఎక్కువ. బిహార్‌లో జననాల రేటు వెయ్యికి 25.5, ఊర్ల నిండా పిల్లలే. పిల్లలు నిండిన ఊర్లో మొత్తం రేటు ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది.

మా తోటల ఊరిది కూడా కేరళ వాలకమే, కాకపోతే దారి వేరు. ఇక్కడ మనుషులు ఎక్కువ కాలం బతికి ఊరు ముసలిదవలేదు, వయసువాళ్లు వలసపోయి ముసలిదయింది. 2001 నుంచి 2011 వరకు దేశ జనాభా 17.7 శాతం పెరిగితే, అప్పటి శ్రీకాకుళం జిల్లాలో పెరిగింది సుమారు 6.5 శాతం, విజయనగరంలో 4.2 శాతం. దీనికి కారణాలు రెండు. ఒకటి పుట్టుకలు తగ్గడం, రెండోది వలస. పుట్టుకల సంగతికొస్తే 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.5 మంది పిల్లలు, దేశానికి 2.0. ఎక్కువ మంది పిల్లలున్నవాళ్లు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో పెట్టిన నిబంధనను 2024 నవంబరులో మన శాసనసభ ఎత్తేసింది. ఒక తరంలో లెక్క ఎంత తిరగబడిందో దాన్ని బట్టి తెలుస్తుంది. మా ఊర్లో 2,900 మందిలో ఆరు వందల మంది అరవై దాటినవాళ్లు. అంటే ఐదుగురిలో ఒకరు.

అందుకని వయసువారీగా విడగొట్టాం. ఆ వయసులో రాష్ట్రంలో సగటున ఎంతమంది పోతారో ఆ రేటును మా ఊర్లో ఆ వయసువాళ్ల సంఖ్యకు వేసి, ఇన్ని రావాలి అని ఒక అంకె తీశాం. అరవై దాటినవాళ్లలో మూడేళ్లకు 75 రావాలి, 77 వచ్చాయి. సర్పంచ్‌ని భయపెట్టిన కుప్పలో పెద్ద భాగం ఇదే. ముసలి ఊర్లో అది మామూలు.

35 నుంచి 59 వయసులో 15 రావాలి. 29 వచ్చాయి.

మొత్తం రేటులో ఈ 29 కనబడనే కనబడవు, ముసలివాళ్ల చావుల వెనక దాగిపోయాయి. అందులో 21 మంది మగవాళ్లు. ఉద్దానంలో పనిచేసే ఏ డాక్టరుకైనా ఇక్కడ ఏం తట్టాలో అదే తట్టింది: ఈ ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బు. కానీ రిజిస్టర్‌లో కారణం గడిలో కిడ్నీ అన్న మాట మూడు చోట్లే ఉంది. మిగతావి "గుండెపోటు", "జ్వరం", "అనారోగ్యం".

ఇరవై తొమ్మిది ఇళ్లకూ వెళ్లాం. ఒక ఇంట్లో నలభై ఏళ్లావిడ దూలం మీద నుంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసింది. అందులో ల్యాబ్ చీటీలు, తేదీల వరుసలో పేర్చి దారంతో కట్టి ఉన్నాయి. భర్త జీడిగింజల బట్టీలో పనిచేసేవాడు. మొదటి చీటీలో క్రియాటినిన్ 1.9. కిడ్నీలు పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే అంకె అది. పద్నాలుగు నెలల తర్వాత 4.2. ఆ తర్వాత 8.6. దాని వెనక డయాలసిస్‌కి వెళ్లొచ్చిన బస్సు టికెట్లు కూడా ఉన్నాయి. వాటిని ఎందుకు దాచావని అడిగితే "ఎవులైనా అడిగితే సూపించాల కదమ్మా" అంది. ఆయన చనిపోయాక రెండేళ్ల వరకు ఎవరూ అడగలేదు. రిజిస్టర్‌లో ఆయన పేరు పక్కన "గుండెపోటు" అని ఉంది.

ఈ విషయంలో తప్పు నాది కూడా. ఉద్యోగంలో చేరిన కొత్తలో మరణ కారణం ధ్రువపత్రంలో కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అని రాసి సంతకం పెట్టేదాన్ని. గుండె, ఊపిరి ఆగడం చావు కారణం కాదు, చావంటేనే అది. దానికి దారితీసిన జబ్బేదో కింది వరసలో రాయాలి. నేను రాయలేదు. 2020లో దేశంలో నమోదైన చావుల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఆ కొద్దిపాటి కాగితాల్లో కూడా మేం జబ్బు పేరు రాయకపోతే ఉద్దానం జబ్బు లెక్కల్లోకి ఎక్కడి నుంచి ఎక్కుతుంది? 29లో 17 మందికి కిడ్నీ పాడైనట్టు చీటీలు దొరికాయి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి, హిరమండలం రిజర్వాయర్ నుంచి మంచినీళ్లు వస్తున్నాయి. జబ్బుకు మూలకారణం ఇదీ అని మాత్రం శాస్త్రం ఇంకా తేల్చలేదు. అది తేలాలంటే ముందు ఎవరు, ఏ వయసులో, ఏ పని చేస్తూ పోయారో సరిగ్గా రాసి ఉండాలి.

ఇక కొండ పంచాయతీ. సుమారు 1,500 మంది, ఎక్కువగా సవర గిరిజన కుటుంబాలు, విడివిడిగా ఏడు గూడేలు. రిజిస్టర్‌లో ఏడాదికి 22 పుట్టుకలు, పసిపిల్లల చావులు సున్నా.

దేశం మొత్తం మీద ఎస్టీ కుటుంబాల్లో శిశు మరణాలు ఎలా ఉన్నాయో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. వెయ్యి పుట్టుకలకు 41.6. అందరికీ కలిపి 35.2. ఐదేళ్ల లోపు పిల్లల్లో ఎస్టీలకు 50.3, అందరికీ కలిపి 41.9. పిల్లల సంఖ్యలో మాత్రం వర్గాల మధ్య తేడా దాదాపు కరిగిపోయింది. ఒక స్త్రీకి ఎస్టీల్లో 2.09, ఎస్సీల్లో 2.08, ఓబీసీల్లో 2.02, మిగతావాళ్లలో 1.93. కులం కంటే చదువు పెంచే దూరమే ఎక్కువ. బడి మొహం చూడని ఆడవాళ్లకు 2.8, పన్నెండో తరగతి దాటినవాళ్లకు 1.8. కనడంలో అందరూ దగ్గరకొచ్చారు, కన్నబిడ్డ బతకడంలో రాలేదు. ఇది తెలిసినవాళ్లెవరూ కొండ మీది సున్నాని చూసి చప్పట్లు కొట్టలేరు.

ముందు పుట్టుకలే తప్పిపోతున్నాయేమో చూశాం. దీనికి 1949లో చంద్రశేఖరన్, డెమింగ్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు చెప్పిన తేలికైన లెక్క ఉంది. కోల్‌కతా దగ్గర సింగూరు ఊర్ల జనన మరణ రిజిస్టర్ల మీద చేసిన పని అది. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రాసిన రెండు జాబితాలు తీసుకోవాలి. రెండింటి సంఖ్యలనూ గుణించి, రెండింట్లోనూ ఉన్న పేర్ల సంఖ్యతో భాగించాలి. పంచాయతీ జాబితాలో 22, ఆశా జాబితాలో 27, రెండింట్లోనూ ఉన్నవి 18. ఇరవై రెండు ఇరవై ఏడులు 594, దాన్ని 18తో భాగిస్తే 33. రెండు జాబితాలూ కలిపితే మాకు కనిపించినవి 31. అంటే ఇద్దరి కంటా పడని బిడ్డలు ఇంకో ఇద్దరు ఉండొచ్చు. ఒకటి గుర్తుంచుకోవాలి. ఆశా చెబితేనే కార్యదర్శి రాసే చోట రెండు జాబితాలు వేరు కావు, ఒకటే. అలాంటప్పుడు ఈ లెక్క తప్పిపోయినవాటిని తక్కువగా చూపిస్తుంది. మా దగ్గర కొంత అలాగే ఉంది, అందుకే 33 అనేది కనీసమని రాసుకున్నాం.

చావుల విషయంలో ఈ సూత్రం పనిచేయదు, ఒక జాబితాలో సున్నా ఉంది కదా. నేరుగా అడిగితే కూడా తేలదు. "మీ ఇంట్లో పసిబిడ్డలెవరైనా పోయారా?" అంటే ఎవరూ నోరు విప్పరు. ఆ ప్రశ్న వినగానే తల్లి మొహం పక్కకు తిప్పుకుంటుంది. మా సీనియర్ ఏఎన్ఎం పద్ధతి మార్చింది. చావుని వెతకొద్దు, గర్భాన్ని వెతుకుదాం అంది. గర్భం నమోదైన ప్రతి పేరూ మా దగ్గర ఉంది. ఆ పేరు పట్టుకుని వెళ్లి "అప్పుడు నీకు అయిదో నెలలో ఇంజక్షన్ వేశాను, గుర్తుందా? కాన్పు ఎక్కడయింది? బిడ్డ ఏడ్చిందా? పాలు తాగిందా?" అని ఒక్కో మెట్టూ దిగుతూ అడిగేది. ముప్పై ఏళ్లుగా అవే ఇళ్లకు వెళ్తున్న మనిషి కాబట్టి జవాబు వచ్చేది.

ఒక గూడెంలో జవాబు చెప్పింది నాయనమ్మ. ఆవిడ సవరలో చెబుతుంటే ఆశా తెలుగులో చెప్పింది. వానల్లో రాత్రి నొప్పులొచ్చాయి, డోలీ కట్టేలోపే కాన్పయింది, మగబిడ్డ, చిన్నగా ఉన్నాడు, రెండో రోజు ఒళ్లు చల్లబడింది. మూడో రోజు తెల్లవారకముందే జీడిచెట్ల వెనక పూడ్చారు. పంచాయతీకి ఎందుకు చెప్పలేదని నేను అడిగాను. "పేరే పెట్టలేదు కదా, ఏమని చెప్పమంటావు?" అంది.

ఆ మాటకు నా దగ్గర చట్టం ప్రకారం జవాబుంది. పేరు లేకుండానే పుట్టుక రాయించొచ్చు, పేరు తర్వాత చేర్చుకోవచ్చు. రెండు రోజులు బతికిన బిడ్డకు పుట్టుక ఒకటి, చావు ఒకటి, రెండూ రాయాలి. కానీ ఆ ఇంటికి ఆ కాగితంతో పనేముంది? మగమనిషి పోతే భూమి పేరు మార్చుకోవాలి, బీమా రావాలి, భార్యకు పింఛను రావాలి, అందుకని పరిగెత్తి రాయిస్తారు. ఆడమనిషి పోతే అంత తొందర ఉండదు. 2020లో దేశంలో నమోదైన 81.2 లక్షల చావుల్లో మగవాళ్లవి 60.2 శాతం. ఆడవాళ్లు కొంత ఎక్కువ కాలం బతుకుతారన్నది నిజమే, కానీ అంత తేడా ఆయుష్షు వల్ల మాత్రమే రాదు, రాయించకపోవడం వల్ల కూడా వస్తుంది. ఇక పేరు లేని పసిబిడ్డ చావుతో ఏ ఆఫీసులోనూ ఎవరికీ పని పడదు.

ఆ ఏడు గూడేల్లో అలాంటివి మూడు దొరికాయి. మూడూ పుట్టిన నెలలోపు చావులే. దేశంలోనూ ఇదే తీరు. 2020లో వెయ్యి పుట్టుకలకు 28 శిశు మరణాలైతే, అందులో 20 మొదటి 28 రోజుల్లోనివి. మూడుని 33తో భాగించి వెయ్యికి తొంభై అని నివేదికలో రాయమని పైనుంచి ఒకరు సలహా ఇచ్చారు, అలా రాస్తే నిధులొస్తాయని. నేను రాయలేదు. ఒక బిడ్డ బతికితే అరవై, ఇంకొకరు పోతే నూట ఇరవై అయ్యే అంకెను రేటు అనకూడదు. మూడు చావులనూ మూడు పేజీల్లో, ఏ గంటకు ఏం జరిగిందో, బండి ఎక్కడి వరకు రాగలిగిందో, ఎవరికి ఫోన్ చేస్తే ఎత్తలేదో రాసి ఇచ్చాం. రెండు గూడేలకు రోడ్డు ప్రతిపాదన ఆ పేజీలు చూశాకే కదిలింది.

తర్వాతి సమావేశంలో రెండు కాగితాలూ మళ్లీ చదివాను. తోటల ఊరి సర్పంచ్‌కి ముసలివాళ్ల చావుల గురించి భయం వద్దని, 35 దాటిన మగవాళ్ల గురించే భయపడాలని చెప్పాను. ఆయన మొదట అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు, కానీ వెంటనే పట్టుకున్నాడు. "అంటే మా ఈడోళ్లన్నమాట" అన్నాడు. ఆయన వయసు నలభై ఆరు. ఇప్పుడు ఆ ఊర్లో ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి క్రియాటినిన్ చూస్తున్నాం. మగవాళ్లు పనికి వెళ్లే ముందే దొరుకుతారు కాబట్టి తెల్లవారు అయిదున్నరకు బట్టీల దగ్గరే రక్తం తీస్తున్నాం. ఆశా గర్భాల జాబితానూ పంచాయతీ జాబితానూ నెల చివరి శనివారం పక్కపక్కన పెట్టి సరిచూస్తున్నాం. బయట ఆసుపత్రుల్లో పోయినవాళ్ల సమాచారం ఊరికి తెప్పించే పని మాత్రం సాగలేదు. రెండు చోట్లకు ఉత్తరాలు రాశాం, ఒక చోట నుంచే జవాబొచ్చింది.

దేశం పొడవునా చూస్తే ఈ రెండు ఊర్లూ ఒకే ప్రయాణంలో ఉన్నాయి. 1971లో దేశంలో జననాలు వెయ్యికి 36.9, మరణాలు 14.9, శిశు మరణాలు 129. 2020కి అవి 19.5, 6.0, 28. కోవిడ్ ఏడాది 2021లో మరణాల రేటు 7.5కి ఎగిసి, 2023కి 6.4కి దిగింది. శిశు మరణాలు 25కి వచ్చాయి. ఈ గీతలు నేను గోడకు అంటించుకున్నాను, వాటిని చూస్తే నిజంగా సంతోషం కలుగుతుంది. ఆ గీత కింద మా ఇరవై తొమ్మిది మంది, మా ముగ్గురు పసిబిడ్డలు ఎక్కడున్నారో వెతుక్కోవడం మాత్రం మండలంలో ఉన్న మా పనే.

ముగ్గురు బిడ్డల్లో ఇద్దరి పుట్టుకలు, చావులు ఆలస్య రుసుముతో, అనుమతితో రిజిస్టర్‌లోకి ఎక్కాయి. మూడోవాడిది, ఆ నాయనమ్మ చెప్పిన బిడ్డది, ఏడాది దాటిపోయింది. దానికి మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఫైలు ఆర్డీఓ కార్యాలయంలో ఉంది. పేరు గడిలో ఏం రాయమంటారని కార్యదర్శి నన్ను అడిగాడు. ఆశాని పంపి ఆవిడనే అడిగించాను. తాత పేరు పెట్టాలనుకున్నారట. అది రాయించాం.